తెలుగు కథను కామిక్‌గా మార్చడం: హక్కుల నుంచి ప్రెస్ దాకా

పాత తెలుగు కథను కామిక్ చేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. డిసెంబరు పుస్తక ప్రదర్శన దగ్గరపడితే మరీను. అడిగేవాళ్లలో చాలామందికి బొమ్మలు బాగానే వచ్చు. ఇబ్బందంతా ఏది గీయాలి, ఏది వదిలేయాలి, తెలుగు అక్షరాలను ఎక్కడ పట్టించాలి అన్నదగ్గరే వస్తోంది. అందుకని ఇందులో బొమ్మ గీయడం గురించి తక్కువ, దానికి ముందూ వెనకా ఉండే పని గురించి ఎక్కువ రాస్తున్నాను.

ఉదాహరణకు మొదటినుంచీ ఒకే కథ వాడతాను: గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’. 1910లో అచ్చయింది. చిన్నది, చాలామంది చదివింది. పైగా అందులో కామిక్‌కు పెద్ద పరీక్ష ఒకటి ఉంది. అది 4వ మెట్టులో చూద్దాం.

## 1. కథ ఎంచుకోవడం

మొదటిసారి నవల ముట్టుకోకండి. అచ్చు పుస్తకంలో ఒక పేజీ వచనం కామిక్‌లో రెండు నుంచి నాలుగు పేజీలు తింటుంది. ఆరు పేజీల కథ అంటే పదహారు, ఇరవై పేజీల కామిక్. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు గీసేవాళ్లకు వారానికి రెండు పేజీలు పూర్తయితే గొప్పే. ఆ లెక్కన రెండువందల పేజీల నవల ఎప్పటికి తేలుతుందో మీరే వేసుకోండి.

పేరున్న కథలన్నీ కామిక్‌కు పనికిరావు. పానుగంటి లక్ష్మీనరసింహారావు ‘సాక్షి’ వ్యాసాల బలమంతా మాట్లాడే గొంతులో ఉంది, బొమ్మ కడితే ఆ గొంతు పోతుంది. ‘కన్యాశుల్కం’ మొత్తం సంభాషణే. దాన్ని మొదటి పుస్తకంగా పెట్టుకోమని నేనెవరికీ చెప్పను.

ఇలాంటి కథ వెతకండి:

- ముగ్గురు నలుగురికి మించని పాత్రలు
- ఒకటి రెండు చోట్లలో జరిగేది
- ఒక రహస్యమో, ఎదురుచూపో, మలుపో ఉన్నది
- మాటలన్నీ తీసేసినా సగం అర్థమయ్యేది

## 2. హక్కులు: గీత గీయకముందే తేల్చుకోండి

మన దేశంలో రచయిత జీవించినంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. ఆ అరవై ఏళ్లూ చనిపోయిన రోజు నుంచి కాదు, మరుసటి ఏడాది జనవరి 1 నుంచి లెక్క.

- గురజాడ 1915లో పోయారు. ఆయన రచనలకు ఎవరినీ అడగక్కర్లేదు.
- శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి, వట్టికోట ఆళ్వారుస్వామి ఇద్దరూ 1961లో పోయారు. 2022 జనవరి 1 నుంచి వాళ్ల రచనలు అందరివీ.
- విశ్వనాథ సత్యనారాయణ 1976లో పోయారు. 2036 చివరిదాకా అనుమతి కావాలి.
- చలం 1979లో పోయారు. 2039 చివరిదాకా కావాలి.

మూడు మెలికలున్నాయి. రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన రచనకు అచ్చయిన ఏడాదిని బట్టి లెక్క. అనువాదానికి అనువాదకుడి హక్కు వేరుగా ఉంటుంది. మూలం రష్యన్‌దైనా, బెంగాలీదైనా, మీ చేతిలో ఉన్న తెలుగు వాక్యాలు అనువాదకుడివే. ఇక పాత కథ కొత్త సంకలనంలో ఉంటే సంపాదకుడి ముందుమాట, వివరణలు, అందులోని బొమ్మలు వేరే సొత్తు. వాటి జోలికి పోవద్దు.

అనుమతి కావాల్సివస్తే కుటుంబసభ్యులు ఫోన్‌లో “వేసుకో బాబూ” అన్నారని మొదలుపెట్టేయకండి. కాగితం మీద రాయించి సంతకం తీసుకోవాలి. అందులో కామిక్ రూపం, భాష, అచ్చు, డిజిటల్, ఎన్నేళ్లు, ఏయే దేశాలు అన్నవి ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం లెక్కగడుతుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు అమ్ముదామనుకునేవాళ్లు ఆ రెండో ముక్క మర్చిపోతుంటారు.

## 3. సరైన పాఠం సంపాదించడం

ఫోన్‌లో ఎవరో పంపిన పీడీఎఫ్ మీద ఆధారపడొద్దు. ‘దిద్దుబాటు’నే తీసుకోండి. మనలో చాలామంది చదువుకున్నది తర్వాతికాలంలో అవసరాల సూర్యారావు వాడుకభాషలోకి సవరించిన పాఠం. 1910 పాఠం భాష వేరు. మీరు దేన్ని తీసుకుంటున్నారో ముందే తేల్చుకోవాలి, పుస్తకంలో ఒక వాక్యం రాసి చెప్పాలి. నన్నడిగితే మొదటి పాఠం తీసుకుని మాటలు మీరే సులువు చేసుకోవడం మేలు. సవరణ ఇంకొకరిదైనప్పుడు హక్కుల ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు పాత ప్రతులు దొరకడం కష్టమేం కాదు. సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, ఇంకా సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే అబిడ్స్ ఫుట్‌పాత్‌లు చూస్తే పాత సంకలనాలు చవగ్గా దొరుకుతాయి. కదలకుండా కావాలంటే పాత పుస్తకాలు ఉచితంగా చదివే వెబ్‌సైట్ తెలుగు వికీసోర్స్ ఉంది. అయినా అచ్చు ప్రతితో ఒకసారి సరిచూసుకోండి.

ప్రతి దొరికాక మూడుసార్లు చదవండి. మొదటిసారి ఊరికే. రెండోసారి పెన్సిల్‌తో, కంటికి కనిపించే ప్రతి విషయం కింద గీత పెడుతూ. మూడోసారి చెవికి వినిపించేవి మాత్రమే. ఈ మూడోది ఎక్కువమంది చెయ్యరు.

## 4. కథను ఘట్టాలుగా విడగొట్టడం

అసలు పని ఇక్కడే. ఇది సరిగా జరిగితే తర్వాత టెన్షన్ సగం తగ్గుతుంది.

కథను పక్కన పెట్టి, జ్ఞాపకం నుంచి ఏం జరిగిందో వరసగా రాయండి. ఒక్కో ఘట్టానికి ఒక్క వాక్యం. ‘దిద్దుబాటు’ సుమారుగా ఇలా వస్తుంది:

1. అర్ధరాత్రి దాటాక గోపాలరావు ఇంటి తలుపు దగ్గర పిలుస్తాడు. జవాబు లేదు.
2. గడియారం ఒంటిగంట కొడుతుంది. సానిపాటకు పోయి ఇంత ఆలస్యం చేశానని తన్ను తాను తిట్టుకుంటాడు.
3. లోపలికి వెళ్తే భార్య కమలిని లేదు.
4. నౌకరు రాముణ్ణి లేపి అడుగుతాడు.
5. వెళ్లిపోతున్నానని కమలిని రాసిపెట్టిన ఉత్తరం దొరుకుతుంది, చదువుతాడు.
6. తప్పు తెలుసుకుని, ఆమెను తీసుకురమ్మని రాముణ్ణి పురమాయిస్తాడు.
7. మంచం కింద నుంచి నవ్వు.

ఇప్పుడు ప్రతి ఘట్టం పక్కన రెండు ప్రశ్నలకు జవాబు రాయండి. ఇది కంటికి కనిపించేదా, చెవికి వినిపించేదా, మనసులో జరిగేదా? దీనికి ఎన్ని పేజీలు?

ఈ కథలో విచిత్రం చూడండి. మొదలు పిలుపు, తర్వాత గడియారం, చివర నవ్వు. కీలకమైనవన్నీ శబ్దాలే. కమలిని కథ నడుస్తున్నంతసేపూ ఎదుటికి రాదు, ముగింపులోనూ వినిపిస్తుందంతే. కామిక్‌కు చెవులు లేవు. నేను చెప్పిన పరీక్ష ఇదే.

చాలామంది ఏం చేస్తారంటే, చివరి ప్యానెల్లో (పేజీలో ఒక్కో బొమ్మ గడిని ప్యానెల్ అంటాం) మంచం కింద నుంచి నవ్వుతూ బయటికొస్తున్న కమలిని అందమైన మొహం గీసేస్తారు. బొమ్మ బాగుంటుంది, కథ మాత్రం చప్పబడిపోతుంది. మంచం కిందుండే చీకటి, గచ్చు మీద పాకుతున్న నవ్వు అక్షరాలు, మహా అయితే మంచం కోడు పక్కన ఒక చీరంచు... అక్కడితో ఆపాలి.

అయితే దానికి ముందునుంచే ఏర్పాటు కావాలి. మూడో ఘట్టంలో గది మొత్తం చూపిస్తారు కదా, ఆ మంచం ఎలా గీశారు? కింద ఖాళీగా, గోడ కనిపించేలా గీస్తే ముగింపు అబద్ధమైపోతుంది. దుప్పటి ఒకపక్క కిందిదాకా జారి ఉండాలి, దీపం మంచానికి అవతల ఉండాలి. రెండోసారి చదివేవాడు వెనక్కి తిప్పి చూస్తే “అరె, అప్పుడే చెప్పాడు” అనాలి. కాబట్టి చివరి ప్యానెల్‌ను ముందు గీసుకుని, దాన్నిబట్టి గది నిర్ణయించండి.

పేజీల పంపకంలో ఒకే నియమం. కొత్త విషయం పేజీ తిప్పగానే కనబడాలి. పుస్తకంలో ఒకటో పేజీ కుడివైపు వస్తుంది, సరిసంఖ్య పేజీలు ఎడమవైపు. ఆశ్చర్యం ఏదైనా సరిసంఖ్య పేజీ మొదట్లో పెట్టండి, దానికి ముందు కుడి పేజీ చివర ప్రశ్న మిగల్చండి. ఖాళీ మంచం, ఆఖరి నవ్వు రెండూ సరిసంఖ్య పేజీలకే రావాలి.

## 5. స్క్రిప్ట్ రాయడం

బొమ్మలు మీరే వేసుకున్నా స్క్రిప్ట్ రాయండి. ప్రతి ప్యానెల్‌కు మూడు వరుసలు చాలు: ఏం కనిపిస్తుంది, ఎవరేం అంటారు, శబ్దం ఏమిటి. మొదటి పేజీ ఇలా ఉండొచ్చు.

పేజీ 1 (కుడివైపు)

- ప్యానెల్ 1: పేజీ వెడల్పంతా. రాత్రి, మూసిన తలుపు ముందు మనిషి వీపు. మొహం కనబడదు. మాట: “తలుపు! తలుపు!”
- ప్యానెల్ 2: తలుపు మాత్రమే. మాట లేదు.
- ప్యానెల్ 3: అదే తలుపు, అదే కోణం. ఇంకా మాట లేదు.
- ప్యానెల్ 4: గోడ గడియారం. శబ్దం: ఠంగ్.

రెండు, మూడు ప్యానెళ్లు ఒకేలా ఉన్నాయని తీసేయొద్దు. లోపల్నుంచి జవాబు రాలేదని చెప్పేది ఆ రెండోసారి గీసిన తలుపే. “కాసేపటిదాకా ఎవరూ పలకలేదు” అన్న క్యాప్షన్ (బొమ్మతోపాటు పెట్టే వ్యాఖ్య) పెడితే అదే సంగతి చదువుతాం, ఎదురుచూపు మాత్రం ఉండదు. ఇంకో చిన్న సంగతి. పాత గోడ గడియారాలు అరగంటకు కూడా ఒక్క గంటే కొడతాయి. కాబట్టి ముల్లు ఒంటిగంట మీద కనబడేలా గీయండి.

ఉత్తరం దగ్గర చాలామంది తడబడతారు. మొత్తం ఉత్తరాన్ని ఒక పెద్ద బెలూన్లో (మాటలు రాసే బుడగలో) నింపేస్తే ఎవడూ చదవడు. మూడు నాలుగు వాక్యాలు ఎంచుకోండి. ఒక్కో వాక్యం తర్వాత గోపాలరావు మొహం ఒకసారి. ఆ వాక్యాలు ఫాంట్‌లో కాకుండా చేత్తో రాయండి. కమలిని మనకు కనబడేది ఆ దస్తూరీలోనే.

భాష సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. కథను 1910లోనే ఉంచుతారా, ఇవాళ్టి హైదరాబాద్‌కు తెస్తారా? రెండూ చెయ్యొచ్చు. ఇవాళ్టికి తెస్తే పూర్తిగా తెండి: అపార్ట్‌మెంట్ తలుపు, వాచ్‌మన్ రాముడు, ఉత్తరం బదులు వాట్సాప్, ఇక్కడి మాట. పంచె కట్టిన గోపాలరావు నోట “ఏంది భై” పెడితే మాత్రం నవ్వొస్తుంది, అదీ రాకూడని చోట.

కులాన్నో, ఆడవాళ్లనో కించపరిచే మాటలు పాత కథల్లో వస్తాయి. కథకు అవసరమైతే ఉంచి చివర ఒక వివరణ ఇవ్వండి. అవసరం లేకపోతే ఎత్తేయండి. దొంగచాటుగా మెత్తబరచడం మాత్రం నాకు నచ్చదు.

## 6. కాలానికి తగ్గ వస్తువులు

కథ ఏ ఊరిది, ఏ ఏడాదిది, ఎలాంటి ఇల్లు అన్నవి రాసిపెట్టుకుని అప్పుడు వెతకండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో బోలెడు కుర్చీలు, గడియారాలు చూసి స్కెచ్ వేసుకోవచ్చు. కానీ అవి నవాబుల సామాన్లు. కోస్తా జిల్లాలో మధ్యతరగతి ఇంట్లో అలాంటి కుర్చీ వేస్తే అతకదు.

నగరం కథలకు ఇంకో చిక్కు. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి భవనాలు రెండూ 1908 మూసీ వరద తర్వాత కట్టినవే. వరద నాటి కథలో నది ఒడ్డున అవి కనబడకూడదు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది కాబట్టి 1935 కథలో విద్యార్థి దాని మెట్ల మీద కూర్చోలేడు. హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడు 1992 నుంచే నిలబడ్డాడు.

ప్రతి కథకూ ఇవి సరిచూడండి:

- దీపం: ఆముదమా, కిరసనాయిలా, కరెంటా
- తలుపు: గడియ, గొళ్లెం, బోల్టు
- చీరకట్టు, జుట్టు, చెప్పులు
- మంచం: నులక, నవారు, పందిరి మంచం
- డబ్బు: నిజాం రాజ్యం కథైతే హాలీ సిక్కా
- గోడ మీద రాతలు, బోర్డులు ఏ భాషలో

ఫొటో చూసి నేర్చుకోండి. దాన్ని ఉన్నదున్నట్టు ట్రేస్ చేస్తే అది ఇంకొకరి హక్కు.

## 7. చిన్న బొమ్మలు

అగ్గిపెట్టంత సైజులో పుస్తకం మొత్తం గీయండి. మనుషులు పుల్లల్లా ఉన్నా పర్వాలేదు. పేజీకి నాలుగు నుంచి ఆరు ప్యానెళ్లు చాలు.

ఈ దశలోనే బెలూన్లు కూడా పెట్టాలి. మొదట మాట్లాడేవాడు ఎడమవైపు ఉండాలి, లేకపోతే బెలూన్ల తోకలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి. పూర్తయ్యాక కాగితాలు మడిచి నిజమైన పుస్తకంలా డమ్మీ కట్టి, కథ తెలియనివాళ్ల చేతిలో పెట్టండి. ఎక్కడ వెనక్కి తిప్పారో గుర్తుపెట్టుకోండి. మీరు వివరించొద్దు.

## 8. తెలుగు అక్షరాలు

తెలుగు కామిక్స్ ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడ. ఇంగ్లీషు కామిక్ చూసి బెలూన్ గీసి, తర్వాత అందులో తెలుగు కుక్కుతారు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. మాటలూ పొడుగు. “వెళ్లిపోవాలనుకుంటున్నాను” ఒక్క మాటే, అయినా ఒక వరుస మొత్తం అదే తీసుకుంటుంది.

అందుకని క్రమం మార్చండి. ముందు అక్షరాలు, తర్వాత బెలూన్, ఆ మిగిలిన జాగాలో బొమ్మ.

- నిలువు కోడిగుడ్డు ఆకారం వద్దు. మూలలు గుండ్రంగా ఉన్న అడ్డ పెట్టె మనకు సరిపోతుంది.
- వరుసల మధ్య దూరం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లకు దగ్గరగా ఉంచండి. పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకకూడదు.
- బెలూన్‌కు పన్నెండు మాటలు మించనివ్వొద్దు. మించితే రెండు చెయ్యండి.
- మాటను మధ్యలో విరిచి కింది వరుసలోకి తేవద్దు. పట్టకపోతే వాక్యమే మార్చండి.
- నొక్కి చెప్పాలంటే లావు అక్షరం వాడండి. తెలుగును పక్కకి వాల్చితే చదవలేం.

ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. మాటలకు మండలి బాగుంటుంది, శీర్షికలకు రామభద్ర. రెండూ యూనికోడ్‌వే, అంటే ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతివే. పని మొదలుపెట్టేముందు మీ సాఫ్ట్‌వేర్లో “స్త్రీ, జ్యోత్స్న, రాష్ట్రం, లక్ష్మి” అని కొట్టి చూడండి. ఒత్తులు విడిపోయి పక్కన పడితే ఆ సాఫ్ట్‌వేర్లో అక్షరాలు పెట్టకండి. బొమ్మ అక్కడే గీసి, అక్షరాలు ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్లో పెట్టుకోవచ్చు. ఫొటోషాప్‌లో అయితే టైప్ సెట్టింగుల్లో మన భాషలకు సంబంధించిన ఆప్షన్ ఉందేమో చూసుకోండి.

శబ్దాలను మాత్రం ఫాంట్‌తో పెట్టొద్దు, చేత్తో గీయండి. “బూమ్, క్రాష్” అని అరువు తెచ్చుకోవాల్సిన ఖర్మ మనకు లేదు. తలుపు కిర్రుమంటుంది, దబదబా బాదుతారు, గిన్నె ఖంగున పడుతుంది, గాజులు గలగలమంటాయి, వాన టపటపా మొదలై ధారగా మారుతుంది. అక్షరం ఆకారం కూడా శబ్దంతో పోవాలి. ‘దిద్దుబాటు’లో ‘ఠంగ్’ ఒక్కటే, బరువుగా, చుట్టూ ఖాళీతో ఉండాలి. చివరి నవ్వు ‘కలకల’ మంచం కింద చీకట్లో చిన్నగా పుట్టి, బయటికొచ్చేసరికి పెద్దదై, ప్యానెల్ గీత దాటిపోవాలి.

## 9. ఫైనల్ బొమ్మలు

ఇక్కడ మీ చేతికి నేను చెప్పేదేం లేదు. కాగితం మీద గీసేవాళ్లు అచ్చు సైజుకు ఒకటిన్నర రెట్లు పెద్దగా గీయండి, తగ్గించినప్పుడు గీత శుభ్రంగా వస్తుంది. నలుపు తెలుపు గీతల్ని 600 డీపీఐలో (అంగుళానికి అన్ని చుక్కలు) స్కాన్ చెయ్యండి, రంగు పేజీలకు 300 చాలు. మొదటి పుస్తకం నలుపు తెలుపులోనే వెయ్యమంటాను. ఖర్చు తగ్గుతుంది, రాత్రి కథకు అదే అందం.

## 10. తరచూ కనిపించే తప్పులు, సర్దుబాట్లు

బొమ్మలో ఉన్నదే క్యాప్షన్లో ఉండటం. “రాముడు నిద్రపోతున్నాడు” అని రాసి కింద నిద్రపోతున్న రాముడు. క్యాప్షన్లన్నీ ఒకసారి చేత్తో మూసి చదవండి. అర్థమైన ప్రతిచోటా తీసేయండి.

రచయిత వాక్యం వదల్లేకపోవడం. మంచి వాక్యమే, కానీ బొమ్మ ఆ పని చేసేసింది. మొత్తం పుస్తకానికి అలాంటివి రెండో మూడో ఉంచుకోండి, మిగతావి పోనివ్వండి.

మొహాలు మారిపోవడం. నాలుగో పేజీ గోపాలరావు, పదో పేజీ గోపాలరావు అన్నదమ్ముల్లా ఉంటారు. ముందుగా ఒక్కో పాత్రను ఎదురుగా, పక్కనుంచి, వెనకనుంచి గీసి గోడకు అంటించుకోండి.

అందరూ మాట్లాడే తలలే అవడం. సంభాషణ సాగుతున్నప్పుడు చేతులకు పని ఇవ్వండి. రాముడు మాట్లాడుతూ తలపాగా చుట్టుకోవచ్చు. గోపాలరావు ఉత్తరం మడత విప్పుతూ, మళ్లీ మడుస్తూ ఉండొచ్చు.

బెలూన్ మొహం మీదికి రావడం. దీనికి తర్వాత మందు లేదు. ఏడో మెట్టుకు వెనక్కి వెళ్లాల్సిందే.

## 11. ప్రెస్‌కు ఇచ్చేముందు

సైజు మీ ఇష్టం. 1/8 డెమ్మీ (చిన్న పుస్తకం సైజు) చవక, కాకపోతే బెలూన్లు ఇరుకవుతాయి. క్రౌన్ 1/4 (దానికంటే పెద్దది) అయితే అక్షరాలకు ఊపిరాడుతుంది. ఏదైనా సరే, గీయడం మొదలుపెట్టకముందే ప్రెస్‌వాళ్లతో మాట్లాడి తేల్చుకోండి. తర్వాత మారిస్తే పేజీలన్నీ మళ్లీ సర్దాలి.

- సెంటర్ పిన్ కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించబడాలి. ప్లేట్లతో ఎక్కువ కాపీలు వేసే ఆఫ్‌సెట్‌లో ఫారం (ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీలు) లెక్క ఉంటుంది, ఎనిమిదో పదహారో అడుగుతారు.
- కటింగ్ కోసం బొమ్మను నాలుగువైపులా 3 మిల్లీమీటర్లు బయటికి పెంచండి. అక్షరాలను మాత్రం అంచుకు సెంటీమీటరు లోపలే ఉంచండి.
- రంగు పేజీలు సీఎంవైకేలో (అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతిలో) ఇవ్వండి.
- అక్షరాలన్నీ అవుట్‌లైన్లుగా (ఫాంట్ అక్కర్లేని గీతల ఆకారాలుగా) మార్చి పీడీఎఫ్ చెయ్యండి. ప్రెస్ కంప్యూటర్లో మీ ఫాంట్ ఉండకపోవచ్చు.
- డీటీపీవాళ్లు యూనికోడ్ నుంచి అను ఫాంట్లకు (యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లకు) మారిస్తే అక్కడక్కడా అక్షరాలు ఎగిరిపోతాయి. మార్చాక మళ్లీ మొదటి పేజీ నుంచి ప్రూఫ్ చూడండి.
- మూలకథ పేరు, రచయిత, మీరు వాడిన పాఠం, అనుసరణ ఎవరిదన్నది లోపలి పేజీలో ఉండాలి.

యాభై, వంద కాపీలకు డిజిటల్ ప్రింట్ చాలు. ఐదువందలు దాటితే ఆఫ్‌సెట్ రేటు కలిసొస్తుంది. ఆఫ్‌సెట్‌కు వెళ్లేముందు ఒక్క కాపీ డిజిటల్‌లో తీయించి, మంచం ఉన్న పేజీలన్నీ వరసగా చూడండి. స్క్రీన్ మీద కనిపించిన చీకటి కాగితం మీద ఇంకా నల్లబడుతుంది, మీరు దాచిన చీరంచు పూర్తిగా మాయమైపోవచ్చు. అలా అయితే ఆ ఒక్కచోట ఇంకు తేలిక చేసి, మళ్లీ ఒక కాపీ తీయించాకే ఓకే చెప్పండి.